దండుకు పోసిన పానకం

మొక్కు

మేము తిరిగొచ్చి నెల కావస్తోంది. ఇప్పటికీ వీధి తలుపు ఎవరైనా గట్టిగా కొడితే కిటికీలోంచి చూశాకే తీస్తున్నాను. ఆ వైపు వెళ్ళనివాళ్ళ కోసం, వెళ్ళడానికి భయపడేవాళ్ళ కోసం, చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఒక్క ఊరి పేరు మాత్రం రాయను. ఈ రోజుల్లో అక్కడి ఏ ఊరి పేరు కాగితం మీద పడినా ఆ ఊరికి మంచిది కాదు.

మాది నంద్యాల దగ్గర పల్లె. రోడ్ల శాఖలో ఓవర్సీరుగా కొన్నేళ్ళు బొబ్బిలిలో పనిచేశాను. అక్కడే మాకు ఇద్దరు బిడ్డలు పుట్టి, పురుడు తీరకుండానే పోయారు. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు మాకు పాలు పోసే ఆమె నా భార్య వరలక్ష్మిని గెడ్డ అవతలి ఊరికి తీసుకెళ్ళింది. వాగును అక్కడ గెడ్డ అంటారు. ఆ ఊళ్ళో పీర్ల సావిడి ఉంది. బిడ్డ నిలిస్తే హుస్సేను బాబు పేరు పెట్టుకుంటామనీ, మూడో ఏట తీసుకొచ్చి పీరు కింద నుంచి దాటించి, వచ్చినవాళ్ళందరికీ పానకం పోస్తామనీ వరలక్ష్మి మొక్కుకుంది. బిడ్డ నిలిచింది. హుస్సేనమ్మ అని పేరు పెట్టాం. తర్వాత నాకు మా వైపుకు బదిలీ అయింది.

మా పల్లెలో పీర్ల పండుగంటే అందరి పండుగే. మా తాత పీరు ఎత్తేవాడు. కర్బలా ఎడారిలో నీళ్ళు లేకుండా చేసి హుస్సేను బాబునూ ఆయన వాళ్ళనూ చంపిన కథ మాకు పాలతో పాటే తెలుసు. అందుకని మొక్కు సంగతి నాకు వింతగా లేదు. నన్ను భయపెట్టింది కాలం. శ్రీకాకుళం కొండల్లో తుపాకులు పేలుతున్నాయని పత్రికల్లో రోజూ వస్తోంది. సర్కారు కొలువులో ఉన్నవాడివి, ఆ వైపు ఏం పని పెట్టుకున్నావని ఆఫీసులో హెచ్చరించారు. వచ్చే ఏడు చూద్దామని వరలక్ష్మితో మెల్లగా అన్నాను.

"బిడ్డ కండ్ల ముందర తిరుగుతా ఉంటే మొక్కు ఎట్లా మానుకుంటాం?" అంది. మర్నాడే సెలవు చీటీ రాశాను.

విజయనగరం

విజయనగరంలో రైలు దిగేసరికి తెల్లవారుతోంది. స్టేషను బయట పనసతొనలు ఆకుల్లో పెట్టి అమ్ముతున్నారు. మా వైపు పనసపండంటే పెళ్ళిళ్ళలో చూసే వస్తువు. ఇక్కడ పావలా ఇస్తే ముగ్గురికీ సరిపోయింది. పాప మాత్రం ఒక తొన నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. నుదురు ముట్టుకుంటే కాస్త వెచ్చగా తగిలింది. రైలు వేడేమో అనుకున్నాను. అనుకున్నానే గాని, ఆ తర్వాత పది నిమిషాలకోసారి ముట్టుకుని చూస్తూనే ఉన్నాను.

బస్టాండు దగ్గర ఒక కోమటాయన హోటల్లో ఇడ్లీ తిన్నాం. అల్లప్పచ్చడిలో బెల్లం ఎక్కువ. మా కారానికి అలవాటుపడ్డ నోటికి అది మిఠాయిలా ఉంది. ఆయన కలుపుగోలు మనిషి. ఏ ఊరు, ఏం పని అని ఆరా తీస్తూ దగ్గరుండి వడ్డించాడు. బొబ్బిలి అవతలికి వెళ్తున్నామని చెప్పగానే మాట తగ్గించేశాడు. డబ్బులు తీసుకునేటప్పుడు మాత్రం, చీకటి పడకముందే చేరిపోండి బాబూ అన్నాడు.

రామభద్రపురం దాటాక

బస్సులో మా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. చుట్ట వెలిగించి, మండే కొనను నోట్లో పెట్టుకుని పొగ పీల్చడం మొదలుపెట్టింది. అడ్డపొగ అంటారు దాన్ని. ఆ వైపు ఆడవాళ్ళలో మామూలే. మా పాప అది చూసి, నోట్లో నిప్పు, నోట్లో నిప్పు అని ఏడుపు లంకించుకుంది. ముసలమ్మ చుట్ట బయటికి తీసి, నాలుక చూపించి, ఏమీ కాలేదు చూడు అన్నట్టు నవ్వింది. బస్సంతా నవ్వింది. ఆ ప్రయాణంలో మేము నవ్వింది అప్పుడొక్కసారే.

రామభద్రపురం దాటిన కాసేపటికి పోలీసులు బస్సు ఆపారు. మగవాళ్ళందర్నీ దింపి, సామాన్లు రోడ్డు పక్కన పరిపించారు. మా గోతంలో బెల్లం దిమ్మలున్నాయి, పానకం కోసం. ఒక కానిస్టేబులు లాఠీతో దిమ్మను పగలగొట్టి, ఇంత బెల్లం ఎవరికి తీసుకెళ్తున్నావ్, కొండమీద వాళ్ళకా అని అడిగాడు. నా ఉద్యోగం సంగతి సగం చెప్పి ఆపేశాను. దోషం ఉన్నవాడి ముఖం ఎలా ఉంటుందో నా ముఖం అలాగే ఉండి ఉంటుంది.

దారిలో మా మొక్కు సంగతి విన్న చుట్ట ముసలమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "ఆ బెల్లం పీరుకి బాబూ. పిల్ల పేరు హుస్సేనమ్మట. కావలిస్తే దాన్నే అడుగు" అంది.

అతను నిజంగానే పాపను పేరడిగాడు. పాప వాళ్ళమ్మ భుజంలో ముఖం దాచుకుని, వినీ వినపడకుండా చెప్పింది. అతను లాఠీతోనే వెళ్ళమన్నట్టు సైగ చేశాడు. దుమ్ములో పడిన బెల్లం ముక్కలు ఏరుకుని మళ్ళీ బస్సెక్కాను.

గెడ్డ అవతలి ఊరు

బొబ్బిలికి గెడ్డ అవతలి ఊరి రైతు అప్పలనాయుడు బండి కట్టుకుని వచ్చాడు. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో వాళ్ళ ఊరి దారికి కల్వర్టు కట్టించాను. అప్పటి నుంచి నన్ను మావా అని పిలుస్తాడు. దారిపొడవునా మామిడి తోటలే. పిందెలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. కబుర్ల పోగులాంటి మనిషి ఆ రోజు నోరు విప్పలేదు. గెడ్డ దాటాక, ఎవరూ లేరని చూసుకుని, అసలు సంగతి చెప్పాడు.

ఆ ఊళ్ళో సాయిబుల ఇల్లు ఒక్కటే. పీర్లను కాపాడేది ఆ ఇంటి పెద్ద ఖాసిం సాయిబు, ఆయన భార్య బీబమ్మ. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు జమాలు ఉప్పు, కిరసనాయిలు బండి మీద వేసుకుని కొండ ఊళ్ళ సంతల్లో అమ్ముకునేవాడు. ఏటా పెద్ద పీరు ఎత్తేదీ అతనే. పోయిన వారం పోలీసులు వచ్చి, కొండమీద వాళ్ళకు సరుకు మోస్తున్నావని జమాలును పట్టుకుపోయారు. ఎక్కడ ఉంచారో, ఏం చేస్తున్నారో ఎవరికీ తెలియదు.

"ఈ ఏడు పీర్లు లేపొద్దని ఊరోళ్ళమందరం సెప్పినాం మావా. తాత ఇనడు" అన్నాడు.

అప్పలనాయుడు వెళ్ళి ఎస్సైని బతిమాలుకున్నాడట. నిప్పుల గుండం వెయ్యకూడదు, దివిటీలు, కర్రలు, డప్పులు ఉండకూడదు, పొద్దు వాలకముందే అయిపోవాలి అని చెప్పి, తాను కూడా వచ్చి చూస్తానని ఎస్సై ఒప్పుకున్నాడు. చూస్తాననే మాటకే ఊరు వణుకుతోంది.

సావిడి చిన్న పూరిపాక. పేడతో అలికిన అరుగు మీద పీర్లు నిలబడి ఉన్నాయి. గెడకర్రలకు అరచేతి ఆకారంలో ఇత్తడి పంజాలు, వాటికి చుట్టిన ఎర్రబట్టలు, ఆకుపచ్చ బట్టలు, మల్లెదండలు. మా వైపు పండుగంటే పులివేషాలు, డప్పులు, ఊరంత గుండం. ఇక్కడ మామూలు రోజుల్లోనే హడావిడి తక్కువ. ఈ ఏడు మరీ చప్పుడు లేదు. మా వైపు గోధుమరొట్టె నలిపి బెల్లం కలిపి మలీదా చేస్తారు. వీళ్ళు చోడిపిండి, అంటే రాగిపిండి, రొట్టెతో చేస్తారు. నల్లగా ఉన్నా కమ్మగా ఉంటుంది. ఈ ఏడు శ్రీరామనవమి, పీర్ల పండుగ పక్కపక్కనే వచ్చాయి. రాములోరి పందిరి ఇంకా విప్పలేదు. నవమి పానకానికి వాడిన కుండలనే కడిగి సావిడి ముందు వరసగా పెట్టారు.

ఖాసిం సాయిబు నన్ను గుర్తుపట్టాడు. పాప నెత్తిన చెయ్యిపెట్టి, వెంటనే తీసేసి వరలక్ష్మి వైపు చూశాడు. ఒళ్ళు కాలిపోతోంది. ఆ సాయంత్రం అప్పలనాయుడి ఇంట్లో పనసకాయ కూర ఆవపెట్టి వండారు. అది నాకు ప్రాణం. ఒక ముద్ద కూడా దిగలేదు. వరలక్ష్మి తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. ఇద్దరు బిడ్డల్ని ఆ చుట్టుపక్కలే పోగొట్టుకున్నాం. మళ్ళీ అక్కడికే ఎందుకు తీసుకొచ్చానా అని ఒకటే ఆలోచన.

పానకం

మర్నాడు, పండుగ పదో రోజు పొద్దున పాప కళ్ళు తెరవడం లేదు. బొబ్బిలి ఆసుపత్రికి వెళ్దామని అప్పలనాయుడు బండి కట్టాడు. గెడ్డ దాటగానే పోలీసులు వెనక్కి పంపేశారు. కొండల్లో గాలింపు జరుగుతోందట, సాయంత్రం దాకా ఏ బండినీ రోడ్డెక్కనివ్వరట. జ్వరం సంగతి చెప్పినా వినలేదు. తిరిగి వస్తున్నంతసేపూ వరలక్ష్మి పాప పెదవులు తడుపుతూనే ఉంది.

మధ్యాహ్నానికి పీర్లు లేచాయి. పెద్ద పీరును ఖాసిం సాయిబు తన భుజానికే ఎత్తుకున్నాడు. ఉపవాసం మీద ఉన్న ముసలివాడు. నేను మోస్తానని అప్పలనాయుడు ఎంత చెప్పినా, కొడుకు వచ్చేదాకా ఇది తన బరువేనన్నాడు. పాపను ఎత్తుకుని వరలక్ష్మి పీరు కింద నుంచి దాటింది. పీర్లను నీళ్ళలో దించడానికి అందరూ గెడ్డ వైపు కదలబోయారు. డప్పులు లేవు కనుక ఏడ్చేవాళ్ళ ఏడుపు స్పష్టంగా వినపడుతోంది.

అప్పుడే కొండ వైపు దారిలో పోలీసులు కనిపించారు. నడిచి దిగుతున్నారు. వెనక చాలా దూరంలో వ్యాను. ఊరి పిల్లలు, ఆడవాళ్ళు ఇళ్ళలోకి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయాం. దగ్గరికి వచ్చాక తెలిసింది వాళ్ళ స్థితి. పెదవులు పగిలి, చొక్కాల మీద చెమట ఉప్పు కట్టి ఉంది. ఒక కుర్ర కానిస్టేబులు సావిడి ముందుకు రాగానే తుపాకీ ఆనించుకుని కింద కూలబడ్డాడు. అందరి చూపులూ కుండల మీదే ఉన్నాయి. అడగడానికి వాళ్ళకు మొహమాటమో, అహమో. పొయ్యడానికి మాకు భయం, కోపం.

ఖాసిం సాయిబు పీరును అప్పలనాయుడి చేతికిచ్చి కుండల దగ్గరికి నడిచాడు.

"నీ కొడుకుని లాక్కెలిపోనోళ్ళకా తాతా?" అని గుంపులోంచి ఎవరో అన్నారు. గొంతు తగ్గించి అన్నా అందరికీ వినపడింది. ఎస్సైకి కూడా.

ముసలాయన తిరిగి చూశాడు. "హుస్సేను బాబు ఎడారిలో ఎల్తంటే దారి కాయడానికి ఓ దండు ఒచ్చినాది. ఎండకి ఆళ్ళ నాలికలు పీక్కుపోనాయి. శత్రువులని సూల్లేదు ఆయన. తన నీళ్ళ తిత్తులిప్పించి ఆళ్ళకీ, ఆళ్ళ గుర్రాలకీ కూడా తాగించినాడు. తరవాత ఆ దండే ఆయనకి నీళ్ళు కట్టీసినాది. అలా సేత్తారని తెలిసి పోసినాడో, తెలవక పోసినాడో నాకు తెలవదు. పోసినాడు. మనం కుండలెట్టింది ఆయన పేరునే కదా."

అని, కింద కూలబడిన కుర్రవాడి తల ఎత్తిపట్టుకుని లోటాతో పానకం తాగించాడు.

బీబమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చూపు ఒక పొడుగాటి కానిస్టేబులు మీద ఆగిపోయింది. జమాలును చొక్కా పట్టుకుని వ్యానులోకి తోసింది అతనేనని అప్పలనాయుడు తర్వాత చెప్పాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఇక రాదనుకున్నాను. ఇంకో లోటా కడుక్కుని బయటికి వచ్చి, నేరుగా అతని దగ్గరికే వెళ్ళి దోసిట్లో పోసింది. అతను చాలమ్మా అన్నా ఆపలేదు. "తాగు" అంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తుడుచుకోలేదు.

అందరి తర్వాత ఎస్సై తాగాడు. బెజవాడ వైపు మనిషి, మాట తీరులో తెలుస్తోంది. లోటా తిరిగి ఇస్తూ, "ఏమన్నా కావాలా పెద్దాయనా? నా చేతనైతే చేస్తాను" అన్నాడు.

ఏం అడుగుతాడో అందరికీ తెలుసు. బీబమ్మ చేతిలోని లోటా గాల్లోనే ఆగిపోయింది.

ఖాసిం సాయిబు వరలక్ష్మి ఒళ్ళోకి చెయ్యి చూపించాడు. "ఈ పాపని మీ వ్యానులో ఆసుపత్రికి తీసుకెలిపోండి బాబూ" అన్నాడు.

వ్యానులో

ఊరు కనుమరుగయ్యేదాకా నేను వెనక్కి చూస్తూనే ఉన్నాను. పీర్లు కదిలాయో లేదో కనిపించలేదు. ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్ళను అక్కడే కాపలా పెట్టి వచ్చాడు. ఆ కాపలా దేనికో నాకు అర్థం కాలేదు.

పాప శ్వాస వేగంగా ఉంది. వరలక్ష్మి నా మోచెయ్యి పట్టుకుంది. పాప కోసం అనుకున్నాను. ఆమె కళ్ళతో ఎస్సై వైపు చూపించింది. జమాలు సంగతి చెప్పమంటోందని నాకు అర్థమైంది. ఒక్క మాట నోరుజారితే ఉద్యోగం పోవచ్చు, నేనే లోపలికి పోవచ్చు. ఆ దండు నాయకుడే చివరికి హుస్సేను బాబు పక్షానికి వచ్చి ప్రాణమిచ్చాడని మా తాత చెప్పేవాడు. ఈ ఎస్సై అలాంటివాడని నేను అనుకోలేదు. అయినా చెప్పాను. జమాలును నేనెరుగుదునని, కల్వర్టు పనికి అతని బండే పెట్టుకున్నానని, అతను సంతలకు తప్ప ఎక్కడికీ పోడని, కావాలంటే పూచీ ఉంటానని.

ఆసుపత్రి గేటు దగ్గర దిగాక ఎస్సై నా పేరు, ఏ ఆఫీసో అడిగి, రేపు స్టేషనుకు రండి అని మాత్రం అన్నాడు.

ఆసుపత్రి వరండా

ఆ రాత్రి సూదులిచ్చారు. తెల్లారేసరికి పాపకు చెమట పట్టి జ్వరం దిగింది. నీళ్ళు కావాలని అడిగింది. మాట విని వరలక్ష్మి ఏడ్చిన ఏడుపుకు నర్సు కంగారుపడి పరుగెత్తుకొచ్చింది.

స్టేషనుకు వెళ్ళేటప్పుడు చేతి గడియారం తీసి వరలక్ష్మికిచ్చాను. తిరిగి రానిస్తారో లేదోనని. అక్కడ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి వదిలేశారు. మధ్యాహ్నం ఎస్సై వచ్చి, పూచీకత్తు మీద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. రేపు రండి అన్నాడు. మర్నాడు మళ్ళీ అదే బల్ల. జమాలును వదిలింది నా సంతకం వల్లనో, పానకం వల్లనో, వాళ్ళకు అతని మీద ఏమీ దొరక్కనో ఇప్పటికీ నాకు తెలియదు. లోపలి నుంచి నడుచుకుంటూ వచ్చాడు. ఒక కాలు ఈడుస్తున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టడానికి కొంత సేపు పట్టింది.

అతన్ని రిక్షాలో ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి వరండాలో ఖాసిం సాయిబు ఉన్నాడు. పండుగైన మూడో నాటి ఫాతెహా ప్రార్థన చదివించి, పాపకు మలీదా తెచ్చాడట. అప్పలనాయుడు గోడకు చేరగిలబడి ఉన్నాడు. కొడుకు సంగతి వాళ్ళకింకా తెలియదు. మేము స్తంభం వెనక నుంచి వస్తుంటే వరలక్ష్మి గొంతు వినపడింది. ఆ రోజు కొడుకును అడక్కుండా నా బిడ్డ సంగతి ఎందుకడిగావు తాతా అంటోంది.

"దాహానికి పోసి కొడుకునడిగితే బేరమైపోదా తల్లీ" అన్నాడు ముసలాయన. "పాప సంగతంటావా, అదీ దాహం లాటిదే. కళ్ళెదురుగా ఉన్నాది." చేతిలోని మలీదా ఆకు సర్దుకుంటూ, "అడిగీవోణ్ణే. నోటి దాకా ఒచ్చీసినాది" అన్నాడు.

జమాలు నా చెయ్యి వదిలించుకుని ముందుకు నడిచాడు. ఖాసిం సాయిబు లేవబోయి లేవలేకపోయాడు. చేతిలోని మలీదా ఆకుతో సహా జారిపోయింది. జమాలు తండ్రి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖాన్ని ఒకరు వెతుక్కున్నారు గాని, ఏడవలేదు.

"పీర్లు గెడ్డకి సేరినాయా అయ్యా?" అని అడిగాడు జమాలు.

చేరాయని అప్పలనాయుడు చెప్పాడు. కాపలా ఉన్న ఇద్దరిలో ఒకతను బూట్లు విప్పి, గెడ్డ దాకా వెంట నడిచాడట.

"పెద్ద పీరు ఎవరెత్తినారు?"

ముసలాయన మెల్లగా చొక్కా కుడి భుజం మీద నుంచి పక్కకు జరిపాడు. గెడకర్ర ఒరుసుకున్న చోట చర్మం లేచిపోయి, చుట్టూ కమిలి నల్లబడి ఉంది. జమాలు అరచెయ్యి దాని మీద ఆనించి, అలాగే ఉండిపోయాడు.